కూలర్ కొనే ముందు మీ ఊరి గాలి చూడండి

ఎండాకాలం మొదలవగానే నెల్లూరు ట్రంకు రోడ్డులో అయినా, ఒంగోలులో అయినా షాపుల ముందు కూలర్లు వరసగా పెట్టేస్తారు. మనం వెళ్లి అడిగే మొదటి మాట "ఎన్ని లీటర్లు?", రెండో మాట "ఎంత?". రెండూ అడగాల్సినవే, కానీ వాటికంటే ముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ ఊళ్లో గాలి పొడిగా ఉంటుందా, తేమగా ఉంటుందా? ఒకే కంపెనీ, ఒకే మోడల్ కూలర్ సముద్రానికి దూరంగా ఉన్న ఉదయగిరిలో కొన్నవాళ్లు బ్రహ్మాండం అంటారు, సముద్రం ఒడ్డున మైపాడు దగ్గర కొన్నవాళ్లు డబ్బులు దండగ అంటారు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

ఎందుకంటే ఏసీలో లాగా కూలర్‌లో గ్యాసూ, కంప్రెసరూ ఉండవు. ప్యాడ్ మీద నీళ్లు కారుతుంటాయి, ఫ్యాను బయటి గాలిని ఆ తడి ప్యాడ్‌లోంచి లాగుతుంది, నీళ్లలో కొంత ఆవిరవుతుంది, ఆవిరవడానికి కావాల్సిన వేడిని ఆ గాలిలోంచే లాక్కుంటుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది, అంటే గంటకు ఒక్క లీటరు ఆవిరైనా సుమారు 670 వాట్ల చల్లదనం. కరెంటు ఖర్చయ్యేది ఫ్యానుకీ, చిన్న పంపుకీ మాత్రమే, అసలు పని నీళ్లు చేస్తాయి, కూలర్ బిల్లు తక్కువ వచ్చేది అందుకే. అయితే గాలిలో ముందే తేమ నిండి ఉంటే నీళ్లు ఆవిరి కావు, అప్పుడు ఎంత ఖరీదైన కూలర్ అయినా తడి గాలి కొట్టే ఫ్యానే.

అంకెల్లో చూస్తే బాగా అర్థమవుతుంది. మార్కాపురం, కనిగిరి, పొదిలి, వింజమూరు వైపు మే నెల మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం ఉందనుకోండి. ఆ గాలిలో తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ పెడితే 26 దగ్గర ఆగుతుంది. కూలర్ గాలిని ఎంత చల్లబరిచినా ఆ 26 కంటే కిందకి తేలేదు. మంచి ప్యాడ్ ఉన్న కూలర్ ఈ 16 డిగ్రీల తేడాలో నాలుగింట మూడు వంతులు తగ్గిస్తుంది, అంటే బయట 42 ఉన్నప్పుడు కూలర్‌లోంచి వచ్చే గాలి 30 డిగ్రీలు. అది ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఇక కృష్ణపట్నం, కొత్తపట్నం లాంటి చోట్ల సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక 35 డిగ్రీలు, తేమ 65 శాతం అనుకుంటే తడి థర్మామీటర్ 29 దాటి ఉంటుంది. తేడా ఆరు డిగ్రీలు కూడా లేదు, కూలర్ తగ్గించేది నాలుగు డిగ్రీలు, పైగా గదిలో చెమ్మ పెరిగి ఒంటి మీద చెమట ఆరదు. అప్పుడు ఉక్కపోత తగ్గకపోగా ఎక్కువవుతుంది.

ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు, చేయకుండా మాత్రం షాపుకి వెళ్లొద్దు. గోడకి తగిలించే మామూలు గది థర్మామీటర్ ఒకటి తీసుకోండి (జ్వరం చూసేది పనికిరాదు, అది 35 దగ్గర మొదలవుతుంది). నీడలో పెట్టి ఎంత ఉందో రాసుకోండి. తర్వాత కింద ఉండే గుండు చుట్టూ పల్చటి నూలు గుడ్డ చుట్టి, తడిపి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టి అంకె దిగడం ఆగేదాకా ఆగండి, పది నిమిషాల్లో ఆగుతుంది. గుడ్డ మధ్యలో ఆరిపోకూడదు. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే మీ ఊరి తేడా వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చేయండి, ఎందుకంటే మన తీరంలో ఈ రెండు వేళలకీ గాలి పూర్తిగా వేరు.

తేడా పది, అంతకంటే ఎక్కువ ఉంటే నిశ్చింతగా కూలర్ కొనండి. ఆరుకీ పదికీ మధ్య ఉంటే కొనొచ్చు గానీ కిటికీకి బిగించే రకమే కొనాలి, పగలే ఎక్కువ ఉపయోగపడుతుందని ముందే అనుకోవాలి. ఆరు కంటే తక్కువ ఉంటే ఆ డబ్బు కూలర్ మీద పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. మంచి బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే మోటార్) సీలింగ్ ఫ్యాను, మేడ మీద తెల్ల సున్నం, స్తోమత ఉంటే ఒక్క గదికి ఏసీ, వీటిలో ఏదైనా అంతకంటే మేలు.

నెల్లూరు టౌన్, కావలి, ఒంగోలు సముద్రానికి పాతిక కిలోమీటర్ల లోపే ఉన్నాయి, కాబట్టి మధ్యలో పడతాయి. పొద్దున్నుంచి పడమటి గాలి వీస్తుంది, అది పొడి గాలి, ఆ గాలికి కూలర్ చక్కగా పనిచేస్తుంది. సముద్రపు గాలి ఏ రోజు ఆలస్యంగా తిరుగుతుందో ఆ రోజే ఎండ దంచేస్తుంది, కూలర్ అవసరం పడేదీ, బాగా పనిచేసేదీ ఆ రోజే. తూర్పు గాలి తిరగ్గానే పంపు ఆపేసి ఫ్యాను ఒక్కటే నడపండి, కిటికీలు తీసేయండి. రోహిణి కార్తెతో అయిపోతుందని కూడా అనుకోవద్దు, నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కాబట్టి జూన్‌లో కూడా పగలు పడమటి గాలి కాలుస్తూనే ఉంటుంది, ఆ నెలంతా కూలర్ పనికొస్తుంది.

సరే, కొనాలని తేలింది అనుకుందాం. కూలర్ ఎక్కడ పెడతారన్నది మోడల్ కంటే ముఖ్యం. గది తలుపులు, కిటికీలు అన్నీ మూసి మధ్యలో కూలర్ పెట్టుకుంటే అది గదిలోని గాలినే మళ్లీ మళ్లీ తడుపుతుంది, అరగంటలో తేమ పెరిగిపోయి జిగటగా అవుతుంది, "మా కూలర్ చల్లగా లేదు" అనేవాళ్లలో చాలామంది ఇంట్లో జరిగేది ఇదే. కూలర్ వీపు బయటి గాలికి ఉండాలి, ఎదురుగా ఉన్న కిటికీనో తలుపునో కొంచెం తీసి గాలి బయటకి పోయే దారి ఇవ్వాలి. కూలర్‌ని నీడ పడే కిటికీకి, వీలైతే ఉత్తరం వైపు కిటికీకి పెట్టండి, పడమటి కిటికీకే పెట్టక తప్పదంటే పైన చిన్న పందిరో, గ్రీన్ నెట్టో వేయండి. రేకుల ఇళ్లకి, మేడ మీద చివరి అంతస్తు వాళ్లకి కిటికీ కూలరే సరైనది, చక్రాల మీద తిప్పుకునే టవర్ కూలర్ ఆ వేడికి చాలదు. టవర్ కూలర్లలో ఉండే బ్లోయర్ గాలిని సన్నగా, దూరంగా కొడుతుంది, ఒక మనిషి పక్కన పెట్టుకోవడానికి బాగుంటుంది, నలుగురు పడుకునే హాలుకి మాత్రం పెద్ద ఫ్యాను ఉండే డెజర్ట్ కూలర్ కావాలి.

సైజు లెక్క కష్టమేం కాదు. గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి సగం చేయండి. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటే 1,440, అందులో సగం 720. అది నిమిషానికి కావాల్సిన గాలి, ఘనపు అడుగుల్లో, షాపువాళ్లు సీఎఫ్ఎం అంటారు. డబ్బా మీద గంటకు ఘనపు మీటర్లలో రాసి ఉంటే 720ని 1.7తో గుణించండి, 1,220 వస్తుంది. డబ్బా మీద ఉండేది ఫుల్ స్పీడ్ అంకె, రాత్రి మీరు ఆ శబ్దానికి పడుకోలేక స్పీడ్ తగ్గిస్తారు, నాలుగు వారాలకి ప్యాడ్‌కి ఉప్పు పట్టి గాలి ఇంకా తగ్గుతుంది. కాబట్టి లెక్క కంటే సగం ఎక్కువ ఉన్నది, అంటే ఈ గదికి గంటకు 1,800 నుంచి 2,000 ఘనపు మీటర్ల వరకు ఇచ్చేది తీసుకోండి. హాలు, వంటగది, నడవ అన్నీ కలిపి ఒక్క కూలర్‌తో చల్లబరచాలని మాత్రం చూడొద్దు.

ఇప్పుడు లీటర్ల సంగతి. ట్యాంకు పెద్దదైతే చల్లదనం ఎక్కువ రాదు, నీళ్లు ఎక్కువసేపు వస్తాయి, అంతే. గంటకు 2,000 ఘనపు మీటర్ల గాలిని పది డిగ్రీలు చల్లబరిస్తే దాదాపు తొమ్మిది లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి, అంటే 50 లీటర్ల ట్యాంకు ఫుల్ స్పీడ్‌లో ఐదారు గంటలే. తీరంలో నాలుగు డిగ్రీలే తగ్గుతుంది కాబట్టి గంటకు నాలుగు లీటర్లు కూడా పోవు. "మా కూలర్‌లో పొద్దున పోసిన నీళ్లు రాత్రికి కూడా ఉన్నాయి" అని ఎవరైనా మురిసిపోతే వాళ్ల కూలర్ పెద్దగా చల్లబరచడం లేదని అర్థం. పడమటి పల్లెల్లో ట్యాంకర్ నీళ్ల మీద బతికే ఇళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి, రోజుకు పది గంటలు ఫుల్‌గా నడిస్తే 80, 90 లీటర్లు కావాలి. అక్కడ పగలంతా ఇల్లంతటికీ కాకుండా, ముసలివాళ్లు, పిల్లలు ఉండే ఒక్క గదికి, ఎండ ఎక్కువున్న నాలుగైదు గంటలకి నడపడం మంచిది. 40 దాటాక ఒట్టి ఫ్యాను వేడి గాలినే మీద పోస్తుంది, వడదెబ్బ భయం ఉన్న పెద్దవాళ్లకి ఆ కొన్ని గంటల కూలర్ చాలా కాపాడుతుంది. కొళాయి ఉన్న ఇళ్లలో ఫ్లోట్ వాల్వ్ (ట్యాంకు తగ్గగానే నీళ్లు వదిలి, నిండగానే ఆపేది) ఉన్న మోడల్ తీసుకుంటే ట్యాంకు చిన్నదైనా ఇబ్బంది లేదు.

కరెంటు దగ్గరకి వద్దాం. కూలర్ వెనక స్టిక్కర్ మీద వాట్లు ఉంటాయి, అది చూడకుండా డబ్బులు కట్టొద్దు. మామూలు మోటార్ ఉన్న 50, 60 లీటర్ల డెజర్ట్ కూలర్లు దాదాపు 180 నుంచి 230 వాట్లు తీసుకుంటాయి, చిన్న పర్సనల్ కూలర్లు 100 నుంచి 130, బీఎల్‌డీసీ మోటార్ ఉన్నవి 60 నుంచి 100. గాలి అంకెను (గంటకు ఘనపు మీటర్లలో) వాట్లతో భాగించండి, ఏది ఎక్కువ వస్తే అది కరెంటు ఆదా చేసేది. 2,500 గాలికి 190 వాట్లు తీసుకుంటే 13, అదే గాలికి 90 వాట్లే తీసుకుంటే 28 వస్తుంది. కూలర్ మీద ఐఎస్ 3315 అని రాసి ఐఎస్ఐ గుర్తు ఉందేమో కూడా చూడండి, మన దేశంలో కూలర్ల ప్రమాణం అదే.

బీఎల్‌డీసీ అందరూ కొనాల్సిందేనా అంటే, నేను కాదంటాను. 200 వాట్ల కూలర్ రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 60 యూనిట్లు, 90 వాట్లదైతే 27. తేడా 33 యూనిట్లు. మన రాష్ట్రంలో ఇళ్లకు ఇప్పుడున్న స్లాబుల్లో నెలకు 126 నుంచి 225 మధ్య పడే యూనిట్‌కి 6 రూపాయలు, 226 నుంచి 400 మధ్య పడేదానికి 8 రూపాయల 75 పైసలు, సర్దుబాటు చార్జీలు విడిగా. అంటే నెలకు మిగిలేది 200 నుంచి 290 రూపాయలు, సీజన్ మొత్తానికి 700 నుంచి 1,000. బీఎల్‌డీసీ మోడల్‌కి నాలుగు వేలు ఎక్కువ అడిగితే అది తిరిగి రావడానికి నాలుగేళ్లు, ఆరేళ్లు పడుతుంది. మీ ఇంట్లో ఇప్పటికే ఫ్రిజ్జు, మోటారు అన్నీ కలిసి పై స్లాబులో ఉంటే, రోజంతా కూలర్ నడుస్తుంటే, లేదా ఇన్వర్టర్ మీద నడపాలంటే అప్పుడు తప్పకుండా బీఎల్‌డీసీ. 150 ఏహెచ్ కొత్త బ్యాటరీ మీద 200 వాట్ల కూలర్ ఐదారు గంటలు వస్తే, 90 వాట్లది పది గంటల పైమాటే. రాత్రిపూట కరెంటు పోయే ఊళ్లలో పసిపిల్ల ఉన్న ఇంటికి ఇది డబ్బు లెక్క కంటే పెద్ద విషయం. మామూలు మోటార్ కూలర్‌ని స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పెడితే మోటారు గుయ్యిమంటూ వేడెక్కుతుంది, సైన్ వేవ్ ఉంటేనే పెట్టండి. ఏసీతో పోలిస్తే మాత్రం ఏ కూలర్ అయినా చవకే, ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు యూనిట్ అటూ ఇటూ లాగుతుంది, కూలర్ ఐదు గంటలు నడిస్తే ఒక యూనిట్.

ప్యాడ్ గురించి షాపువాణ్ణి గుచ్చి గుచ్చి అడగండి, అసలు చల్లదనం అక్కడే ఉంది. గడ్డి ప్యాడ్ చవక, కొత్తలో బాగా చల్లబరుస్తుంది, కానీ కిందకి జారి పైన ఖాళీ పడుతుంది, ఆ ఖాళీలోంచి వేడి గాలి నేరుగా వచ్చేస్తుంది, ప్రతి సీజన్‌కీ మార్చాలి. తేనెపట్టు గళ్లలా ఉండే హనీకూంబ్ ప్యాడ్ రెండు మూడు సీజన్లు వస్తుంది, మందం ఎంతో చేత్తో పట్టుకుని చూడండి, రెండు అంగుళాలది కంటే నాలుగు అంగుళాలది గాలిని చాలా బాగా చల్లబరుస్తుంది. మూడు వైపులా ప్యాడ్ ఉంటే మంచిది. పంపు ఆన్ చేయించి ప్యాడ్ పైనుంచి కింద దాకా సమంగా తడుస్తోందా చూడండి, ఎక్కడైనా పొడి చార కనిపిస్తే ఆ పీస్ వద్దని చెప్పండి. దానికి సరిపోయే ప్యాడ్, పంపు మీ ఊళ్లోనే విడిగా దొరుకుతాయా అని కూడా అడగండి. లోకల్‌గా తయారుచేసే రేకు కూలర్లని నేను తీసిపారేయను, పెద్ద ప్యాడ్లు, పెద్ద ఫ్యాను, ఏది పోయినా వీధి చివర మెకానిక్ బాగుచేస్తాడు. అయితే రాగి వైండింగ్ మోటారేనా అన్నది బిల్లు మీద రాయించుకోండి.

ఐస్ ఛాంబర్ ఉందని వెయ్యి రూపాయలు ఎక్కువ అడిగితే ఇవ్వొద్దు. కిలో ఐసు కరిగితే పోయే వేడి 334 కిలోజౌళ్లు, లీటరు నీళ్లు ఆవిరైతే పోయేది దానికి ఏడు రెట్లు. ఐసు వేస్తే కాసేపు చల్లగా అనిపిస్తుంది, ఆ ఐసు గడ్డకట్టించడానికి ఫ్రిజ్జు కరెంటు లాగి ఆ వేడిని మీ వంటగదిలోనే వదిలింది. "హ్యుమిడిటీ కంట్రోల్" అని రాసి ఉండే బటన్ కూడా చాలా మోడళ్లలో పంపు ఆపేసే స్విచ్చే, గాలిలో తేమని తీసేసే శక్తి ఏ కూలర్‌కీ లేదు. ఏసీ, కూలర్ ఒకే గదిలో కలిపి వేసేవాళ్లు కూడా ఉన్నారు, కూలర్ కలిపిన తేమని తీయడానికి ఏసీ అదనంగా కరెంటు లాగుతుంది, అలా చేయొద్దు. బల్ల మీద పెట్టుకునే యూఎస్‌బీ బుల్లి కూలర్లు గదిని చల్లబరచలేవు.

మన దగ్గర కూలర్‌ని చంపేది బోరు నీళ్లు. కనిగిరి, పొదిలి వైపు నీళ్లలో ఫ్లోరైడు ఉందని అందరికీ తెలుసు, తీరంలో ఉప్పు, చాలాచోట్ల టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉండే లవణాలు) ఎక్కువే. నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. 50 లీటర్ల ట్యాంకుని పారబోయకుండా నాలుగుసార్లు నింపి ఖాళీ చేస్తే 200 లీటర్ల ఉప్పు అందులో చేరుతుంది, అది ప్యాడ్ మీద తెల్లగా రాయిలా పేరుకుని గాలిని ఆపేస్తుంది, ఫ్యాను మాత్రం అంతే కరెంటు తింటుంది. కాబట్టి రెండు రోజులకోసారి అడుగున మిగిలిన నీళ్లు పూర్తిగా వదిలేయండి, అడుగున డ్రెయిన్ మూత ఉన్న మోడలే కొనండి. ఆర్‌వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని కూలర్‌లో పోస్తారు చాలామంది, అందులో ఉప్పు మామూలు బోరు నీళ్ల కంటే ఎక్కువ, అవి బాత్రూమ్ కడగడానికి వాడుకోండి. పక్కగదిలో ఏసీ ఉంటే దాని పైపులోంచి కారే నీళ్లు మాత్రం కూలర్‌కి చాలా మంచివి, వాటిలో ఉప్పు ఉండదు. పేరుకున్న తెలుపుకి గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి ప్యాడ్‌ని అరగంట నానబెట్టి మెల్లగా కడగండి, బ్రష్‌తో గట్టిగా రుద్దితే హనీకూంబ్ చిరిగిపోతుంది. వారానికోసారి ట్యాంకు గోడలు రుద్ది కడిగి ఆరబెట్టాలి, డెంగీ దోమ గుడ్లు గోడకి అంటుకుని నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు. ప్యాడ్‌లోంచి మురుగు వాసన వస్తుంటే, ముఖ్యంగా ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే, ఆ రోజే కడగండి. కూలర్ ఆపేసే ముందు పంపు ఆపి పది నిమిషాలు ఫ్యాను నడిపితే ప్యాడ్ ఆరి వాసన పట్టదు.

ఒక్క విషయంలో మాత్రం బేరం వద్దు. రేకు కూలర్, తడి నేల, చెప్పులు లేని కాళ్లు, ఇవి కలిస్తే షాక్ ప్రాణం తీస్తుంది, ప్రతి ఎండాకాలం అలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. మూడు పిన్నుల ప్లగ్గే వాడండి, ఆ సాకెట్‌లో ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి, చాలా పాత ఇళ్లలో పైన మూడు రంధ్రాలు ఉంటాయి గానీ లోపల ఎర్త్ వైరు ఉండదు. 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించడం కూలర్ ఖరీదుతో పోలిస్తే చిన్న ఖర్చు. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకేయాలి, పిల్లలతో నీళ్లు పోయించొద్దు. ట్యాంకులో నీళ్లు లేకుండా పంపు నడిస్తే కాలిపోతుంది, నీళ్లు అయిపోగానే ఆపండి.

కొనేది ఫిబ్రవరిలోనే కొనండి, మే నెలలో మోడల్ ఏరుకునే వీలుండదు, ఏది మిగిలితే అదే అంటగడతారు. బిల్లు మీద మోడల్ నంబరు, మోటారుకి ఎన్నేళ్లు, పంపుకి ఎన్నేళ్లు వారంటీ అన్నది విడివిడిగా రాయించుకోండి, చాలా కంపెనీలు పంపుకి తక్కువ ఇస్తాయి. వానలు మొదలై కూలర్ పక్కన పెట్టేసే రోజు ట్యాంకు ఖాళీ చేసి, ప్యాడ్లు విప్పి ఎండలో ఒక రోజు ఆరబెట్టి, పంపుని మంచినీళ్లలో రెండు నిమిషాలు నడిపి తుడిచి, కవర్ కప్పి ఎలుకలు దూరని చోట పెట్టండి.